మార్డీ గ్రా, ప్రామ్, శ్మశానం: అమెరికా జాతి విభజనపై నాలుగు డాక్యుమెంటరీల్లో ఏది ముందు చూడాలి?

మిసిసిపి రాష్ట్రంలో చార్ల్‌స్టన్ అనే చిన్న ఊరుంది. అక్కడి హైస్కూల్లో తెల్లపిల్లలూ నల్లపిల్లలూ 1970 నుంచి కలిసే చదువుతున్నారు, ఒకే జట్టులో ఫుట్‌బాల్ ఆడుతున్నారు. ఏడాది చివర ప్రామ్ అనే డ్యాన్స్ వేడుక వచ్చేసరికి మాత్రం తెల్లపిల్లలకి ఒక పార్టీ, నల్లపిల్లలకి ఇంకో పార్టీ. ఒబామా అధ్యక్షుడిగా గెలిచిన 2008లో గానీ అక్కడి పిల్లలందరూ ఒకే హాల్లో డ్యాన్స్ చెయ్యలేదు.

అమెరికాలో జాతి సమస్య గురించి ఏం చూడాలని అడిగితే చాలామంది ముందు చెప్పేది అమెరికా పబ్లిక్ టీవీ పీబీఎస్‌లో 14 భాగాలుగా వచ్చిన 'ఐస్ ఆన్ ది ప్రైజ్' పేరు. చూసి తీరాల్సిన సిరీస్ అది. అయితే అందులో ఉన్నది ప్రధానంగా చట్టం కోసం, హక్కుల కోసం వీధుల్లో జరిగిన పోరాటం. చట్టం మారాక కూడా ఊరి పండగలో, పిల్లల పార్టీలో, ఆఖరికి సమాధుల దగ్గర మిగిలిపోయిన గీత ఎలాంటిదో తెలియాలంటే వేరే సినిమాలు కావాలి. అలాంటివాటిలో నాలుగింటిని ఇక్కడ పక్కపక్కన పెడుతున్నాను. నాలుగూ అమెరికన్ టీవీలో వచ్చినవే: 'ది ఆర్డర్ ఆఫ్ మిత్స్', 'ప్రామ్ నైట్ ఇన్ మిసిసిపి', 'సదరన్ రైట్స్', 'టూ టౌన్స్ ఆఫ్ జాస్పర్'. నాలుగూ ఒకేసారి చూడటం కష్టం, చూడకూడదు కూడా. మనసు మొద్దుబారిపోతుంది.

## దేన్ని బట్టి ఎంచుకోవాలి

నేను అన్నిటికన్నా ముందు చూసేది కెమెరాకి ఎవరి గుమ్మం తెరుచుకుందన్నది. ఇలాంటి విషయంలో నల్లవాళ్ళ ఇళ్ళలోకి వెళ్ళి వాళ్ళ బాధ చిత్రించడం అంత కష్టం కాదు, చాలామంది చేశారు. గీత గీసినవాళ్ళ ఇంట్లో కూర్చుని, వాళ్ళు మామూలుగా మాట్లాడుకునే మాటలు వినిపించడం కష్టం. తలుపు మూసేసినవాళ్ళు ఎవరో కూడా గమనించండి. అది సినిమా లోపమే కానక్కర్లేదు, ఒక్కోసారి సాక్ష్యం కూడా.

రెండోది, చట్టం లేకపోయినా విభజన ఎలా నిలబడుతోందో సినిమా చూపిస్తోందా లేదా. స్కూళ్ళలో వేరుచేయడం చెల్లదని సుప్రీంకోర్టు 1954లోనే చెప్పింది. దక్షిణాది రాష్ట్రాల్లో చాలా ఊళ్ళు 1970 ప్రాంతం దాకా దాన్ని సాగదీశాయి. ఇక తప్పదన్నాక కొన్ని స్కూళ్ళు ప్రామ్ నిర్వహించడమే మానేశాయి. తల్లిదండ్రులే చందాలు వేసుకుని, హాలు అద్దెకి తీసుకుని, తమ పిల్లలకి తాము పార్టీ చేసుకోవడం మొదలుపెట్టారు. అది ప్రైవేటు కార్యక్రమం కాబట్టి స్కూలు మీద వచ్చిన కోర్టు తీర్పు దాని దాకా రాదు. ఎవరి డబ్బు, ఎవరి హాలు, ఆహ్వానాల జాబితా ఎవరి చేతిలో ఉంది అన్న ప్రశ్నలకి సమాధానం చెప్పని సినిమా మనల్ని కదిలించవచ్చు గానీ పెద్దగా నేర్పదు.

దర్శకుడికి ఆ ఊరితో ఏం సంబంధం అన్నది కూడా చూడాలి. ఆ ఊరి బిడ్డ తీసిన సినిమాకీ బయటినుంచి వచ్చినవాళ్ళు తీసినదానికీ తేడా మొదటి పది నిమిషాల్లోనే తెలిసిపోతుంది. ఇక ఆఖరిది, మీరు ఎవరితో కలిసి చూస్తున్నారన్నది. పదిహేనేళ్ళ పిల్లతో చూడదగ్గది వేరు, రాత్రి ఒక్కరే కూర్చుని చూడాల్సింది వేరు.

| సినిమా | ఎక్కడ | ఏ ఆచారం | కెమెరా ముందుకి ఎవరొచ్చారు | పిల్లలతో చూడొచ్చా |
|---|---|---|---|---|
| ది ఆర్డర్ ఆఫ్ మిత్స్ (2008) | మొబీల్, అలబామా | మార్డీ గ్రా ఉత్సవం | రెండు పక్షాలూ, వాళ్ళ ఇళ్ళతో సహా | హైస్కూలు పిల్లలతో చూడొచ్చు |
| ప్రామ్ నైట్ ఇన్ మిసిసిపి (2009) | చార్ల్‌స్టన్, మిసిసిపి | హైస్కూలు ప్రామ్ | పిల్లలందరూ. తెల్లవాళ్ళ ప్రామ్ పెట్టిన పెద్దలు రాలేదు | చూడొచ్చు, బూతులు ఉంటాయి |
| సదరన్ రైట్స్ (2015) | మాంట్‌గొమరీ కౌంటీ, జార్జియా | ప్రామ్, ఆ తర్వాత ఒక హత్య కేసు | కొడుకుని కోల్పోయిన కుటుంబం, కాల్చిన మనిషి కూడా | పెద్దపిల్లలైతేనే |
| టూ టౌన్స్ ఆఫ్ జాస్పర్ (2002) | జాస్పర్, టెక్సస్ | రోజువారీ ఊరి జీవితం, శ్మశానం | రెండు పక్షాలూ, వేర్వేరు కెమెరా బృందాలతో | వద్దు |

## ది ఆర్డర్ ఆఫ్ మిత్స్

ఒక్కటే చూసే తీరిక ఉంటే ఇదే చూడమంటాను. ఎందుకో కాస్త వివరంగా చెప్పాలి.

ఈస్టర్‌కి ముందొచ్చే ఉపవాస దినాలు మొదలయ్యేలోపు తిని తాగి ఆడుకునే ఉత్సవం మార్డీ గ్రా. అందరికీ న్యూ ఓర్లీన్స్ పేరే తెలుసు గానీ, మొబీల్ వాళ్ళు తమది అంతకన్నా పాతదని గర్వంగా చెప్పుకుంటారు. 1703 నుంచి చేస్తున్నామంటారు. న్యూ ఓర్లీన్స్ నగరం పుట్టిందే 1718లో. మొబీల్‌లో ఈ ఉత్సవాన్ని నడిపేవి 'మిస్టిక్ సొసైటీ'లనే రహస్య సంఘాలు. సభ్యులు ముసుగులు వేసుకుని శకటాల మీద ఊరేగుతూ జనం మీదికి పూసల దండలూ మూన్‌పై అనే బిస్కెట్లూ విసురుతారు. సినిమాకి పేరిచ్చిన సంఘం 1867 నాటిది. వాళ్ళ ముందు శకటం మీద ఒక విరిగిన స్తంభం ఉంటుంది. అస్థిపంజరం దుస్తుల్లో మృత్యువు దాని చుట్టూ పరిగెడుతుంటే, విదూషకుడి వేషం వేసినవాడు కర్రకి కట్టిన బంగారు రంగు పంది బుడగలతో తరిమి తరిమి కొడతాడు. ఆ కాసేపు చావు మీద ఆట గెలుస్తుంది. చూస్తుంటే నవ్వూ వస్తుంది, గుబులూ పుడుతుంది.

ఈ ఊళ్ళో మార్డీ గ్రాకి ఇద్దరు రాజులు, ఇద్దరు రాణులు. తెల్లవాళ్ళ ఉత్సవ సంఘం ఒకటి, నల్లవాళ్ళది ఇంకొకటి. తెల్లవాళ్ళ ఉత్సవంలో చోటు లేక నల్లవాళ్ళు 1938లో తమ సంఘం పెట్టుకున్నారు. సినిమా 2007 ఉత్సవాన్ని చూపిస్తుంది. ఒక పక్క పాత డబ్బున్న కుటుంబంలోంచి వచ్చిన తెల్ల రాణి, ఇంకో పక్క స్కూలు టీచరుగా పనిచేసుకునే నల్ల రాణి. ఇద్దరి వెనకాలా నేలమీద మీటర్ల పొడవున ఈడ్చుకుంటూ రావాల్సిన, రాళ్ళూ పూసలూ కుట్టిన భారీ అంగీ. దాన్ని కుట్టేవాళ్ళు, మోసేవాళ్ళు, దాని ఖర్చు గురించి మాట్లాడుకునేవాళ్ళు అందరూ కనిపిస్తారు. డబ్బు గురించి ఒక్క ఉపన్యాసం లేకుండానే డబ్బు ఎక్కడుందో అర్థమైపోతుంది.

తర్వాత బయటపడేది ఇంకా లోతైనది. బయటినుంచి బానిసల్ని తేవడాన్ని అమెరికా 1808లోనే నిషేధించింది. అయినా 1860లో మొబీల్ వ్యాపారి తిమోతీ మీహెర్ పంపిన 'క్లోటిల్డా' అనే ఓడ పశ్చిమాఫ్రికా నుంచి సుమారు 110 మందిని దొంగచాటుగా తెచ్చింది. నేరం బయటపడకుండా ఓడని కాల్చి నదిలో ముంచేశారు. బానిసత్వం పోయాక ఆ మనుషులే ఊరి ఉత్తరాన ఆఫ్రికాటౌన్ కట్టుకున్నారు. 2007లో తెల్లవాళ్ళ రాణి ఆ మీహెర్ కుటుంబంలోని పిల్ల. నల్లవాళ్ళ రాణి పూర్వీకులు ఆ ఓడలో వచ్చినవాళ్ళు. ఈ సంగతిని దర్శకురాలు ఢంకా మోగించకుండా, ఇంట్లో పెద్దవాళ్ళు మాట్లాడుకుంటుంటే మన చెవిన పడేలా పెట్టింది.

దర్శకురాలు మార్గరెట్ బ్రౌన్ మొబీల్ ఆడపిల్ల, తెల్లజాతి కుటుంబం. ఆమె తాతగారు కూడా సినిమాలో కనిపిస్తారు. అందుకే ఆ సంఘాల తలుపులు తెరుచుకున్నాయి. 'ఎవరి పండగ వాళ్ళది, అందరికీ ఇలాగే ఇష్టం' అన్న వాదన ఎంత మర్యాదగా, ఎంత ఆప్యాయంగా వినిపిస్తుందో ఈ సినిమాలో వినాలి. అదే ఊళ్ళో 1981లో మైఖేల్ డొనాల్డ్ అనే 19 ఏళ్ళ నల్లజాతి కుర్రాణ్ణి కు క్లక్స్ క్లాన్ అనే తెల్లజాతి ఉన్మాద సంస్థ సభ్యులు చంపి చెట్టుకి వేలాడదీశారు. సినిమా ఆ సంగతినీ తడుముతుంది. మర్యాద అడుగున ఏముందో తెలియడానికి అది చాలు.

ఇంకో చిక్కుముడి కూడా ఉంది, దాన్ని దాటెయ్యకండి. నల్లవాళ్ళ సంఘం వెలివేత నుంచి పుట్టిందే అయినా, అప్పటికి దాదాపు 70 ఏళ్ళలో వాళ్ళు తమ చేతులతో పెంచుకున్న సంస్థ అయింది. రెండూ కలిపేస్తే ఎవరిది మిగులుతుంది, ఎవరిది కరిగిపోతుంది? 2007లో నల్లవాళ్ళ రాజూ రాణీ తెల్లవాళ్ళ పట్టాభిషేకానికి అతిథులుగా వెళ్ళడం, వాళ్ళు తిరిగి ఇటు రావడం చూస్తున్నప్పుడు సంతోషంతోపాటు ఈ ప్రశ్న కూడా వెంటాడుతుంది. మిగతా మూడు సినిమాల్లో ఈ కోణం ఇంత బలంగా లేదు.

లోటు చెప్పాలంటే, నెమ్మదిగా నడుస్తుంది. వెనకనుంచి వివరించే గొంతు లేదు. మొదటి ఇరవై నిమిషాలు ఎవరు ఎవరో గుర్తుపెట్టుకోవడానికే సరిపోతుంది. ఓపిక పట్టండి.

## ప్రామ్ నైట్ ఇన్ మిసిసిపి

ఇందులో కథ సూటిగా ఉంటుంది. నటుడు మోర్గన్ ఫ్రీమన్ ఇల్లు చార్ల్‌స్టన్‌లోనే. అందరూ కలిసి చేసుకుంటే ప్రామ్ ఖర్చంతా తనదేనని 1997లో స్కూలుకి చెప్పాడు. ఎవరూ పట్టించుకోలేదు. 2008లో కెనడా దర్శకుడు పాల్ సాల్ట్‌జ్‌మన్ కెమెరాతో వచ్చినప్పుడు అదే మాట మళ్ళీ అన్నాడు. ఈసారి స్కూలు ఒప్పుకుంది. సాల్ట్‌జ్‌మన్ కూడా 1965లో పౌరహక్కుల కార్యకర్తగా ఇదే రాష్ట్రంలో పనిచేసినవాడు.

పిల్లలే ఈ సినిమాకి ప్రాణం. ఏ గౌను, ఎవరితో వెళ్ళాలి, ఏ పాటలు అని వాళ్ళ గోల వాళ్ళది. ఆ గోల మధ్యలో ఒక తెల్లకుర్రాడు ముఖం కనపడకుండా చీకట్లో కూర్చుని, ఇంట్లో పెద్దవాళ్ళ మాటలతో తనకి పొసగదని చెప్తాడు. పదిహేడేళ్ళ పిల్లవాడు సొంత ఊళ్ళో ఆ మాట ముఖం చూపించి అనలేకపోయాడు. మొత్తం సినిమాలో నన్ను ఆపేసిన చోటు అదే. కలిసి చేసుకునే ప్రామ్ ఖాయమయ్యాక కూడా కొందరు తెల్ల తల్లిదండ్రులు విడిగా తమ పిల్లలకి ప్రామ్ పెట్టారు. కెమెరాని రానివ్వలేదు.

అదే ఈ సినిమాకున్న పరిమితి కూడా. గీత గీసినవాళ్ళు లేరు కాబట్టి, వాళ్ళ పిల్లల మాటల్లోంచే వాళ్ళని ఊహించుకోవాలి. పెద్ద సినిమా నటుడు చెక్కు రాస్తే గానీ కదలని ఊరు, ఆ చెక్కు లేని పక్క ఊళ్ళ సంగతేమిటని సినిమా అంతగా అడగదు. ఈ ఊరున్న టలహాచీ కౌంటీలోనే 1955లో ఎమ్మెట్ టిల్ అనే 14 ఏళ్ళ నల్లజాతి కుర్రాడి హంతకుల్ని జ్యూరీ నిర్దోషులని వదిలేసింది. ఆ చరిత్ర తెలుసుకుని చూస్తే డ్యాన్సు దృశ్యాల బరువు వేరుగా ఉంటుంది.

## సదరన్ రైట్స్

న్యూయార్క్ ఫొటోగ్రాఫర్ జిలియన్ లాబ్ 2002 నుంచి జార్జియాలోని మాంట్‌గొమరీ కౌంటీకి వెళ్ళొస్తూ అక్కడి విడివిడి ప్రామ్‌లని ఫొటోలు తీసింది. 2009లో ఆ ఫొటోలు న్యూయార్క్ టైమ్స్ మ్యాగజీన్‌లో వచ్చాయి. దేశమంతా ముక్కున వేలేసుకుంది. 2010లో ప్రామ్ ఒకటైంది. సినిమా అక్కడే ఆగిపోతే హాయిగా ఉండేది. 2011 జనవరిలో ఆ ప్రాంతంలోనే 22 ఏళ్ళ నల్లజాతి యువకుణ్ణి ఒక తెల్లజాతి పెద్దాయన తన ఇంట్లో కాల్చి చంపాడు. ఆ యువకుడు వచ్చింది ఆయన పెంచుకున్న అమ్మాయిని కలవడానికి. ఆ అమ్మాయి మిశ్రమ జాతి పిల్ల. ఇక్కణ్ణుంచి సినిమా ఆ కేసు వెంట నడుస్తుంది. దానికి సమాంతరంగా, ఆ కౌంటీకి మొదటి నల్లజాతి షెరీఫ్ (ఎన్నికతో వచ్చే పోలీసు పెద్ద) కావాలని పోటీ చేస్తున్న ఒక పోలీసు అధికారి కథ ఉంటుంది.

నల్లరక్తం ఉన్న పిల్లని ప్రేమగా పెంచినవాడే నల్లకుర్రాణ్ణి కాల్చాడు. ఆయన కెమెరా ముందు కూర్చుని మాట్లాడుతుంటే మనకి అలవాటైన వివరణలు ఏవీ సరిపోవు. కేసు, నేరం ఒప్పుకుంటే శిక్ష తగ్గించే బేరసారాల ఒప్పందంతో ముగిసి, ఆయనకి పడిన శిక్ష ఒక ఏడాది. ఆ మాట విన్నప్పుడు చనిపోయిన కుర్రాడి తల్లి ముఖం చూడలేం.

నిర్మాణపరంగా నాలుగింటిలో ఇదే కాస్త వదులు. ప్రామ్, ఎన్నిక, హత్య మూడూ ఒకదాన్నొకటి పూర్తిగా పట్టుకోవు. విడి ప్రామ్‌ల గురించే తెలుసుకోవాలనుకునేవాళ్ళకి అసంతృప్తి మిగలొచ్చు.

## టూ టౌన్స్ ఆఫ్ జాస్పర్

1998 జూన్ 7న టెక్సస్‌లోని జాస్పర్‌లో జేమ్స్ బర్డ్ జూనియర్ అనే నల్లజాతి వ్యక్తిని ముగ్గురు తెల్లవాళ్ళు పికప్ ట్రక్కుకి గొలుసుతో కట్టి ఈడ్చి చంపారు. మిత్రులైన ఇద్దరు దర్శకులు, నల్లజాతికి చెందిన మార్కో విలియమ్స్, తెల్లజాతికి చెందిన విట్నీ డౌ, విచారణ జరిగిన కాలమంతా ఆ ఊళ్ళో ఉన్నారు. ఒక పద్ధతి పెట్టుకున్నారు: నల్లజాతి బృందం నల్లవాళ్ళనే, తెల్లజాతి బృందం తెల్లవాళ్ళనే చిత్రించాలి.

తమవాళ్ళే అన్న ధీమాతో మనుషులు ఏం మాట్లాడతారో ఆ పద్ధతి వల్లే తెలిసింది. పొద్దున్నే హోటల్లో కాఫీ దగ్గర చేరే తెల్ల మగవాళ్ళ గుంపు ఒకటి. బ్యూటీ పార్లర్‌లో కబుర్లు చెప్పుకునే నల్ల ఆడవాళ్ళు ఇంకో పక్క. ఒకే ఊరు, ఒకే హత్య. తెల్లవాళ్ళకి అది బయటి దుష్టులు చేసిన ఘోరం, మా ఊరు మంచిది. నల్లవాళ్ళకి అది ఎప్పటినుంచో తెలిసిన కథలో తాజా అధ్యాయం. డాక్యుమెంటరీ తీయాలనుకునేవాళ్ళకి ఇంతకన్నా మంచి పాఠం లేదు.

ఊరి ఆచారాల విషయంలో నాకు ముఖ్యమనిపించింది శ్మశానం. తెల్లవాళ్ళ సమాధులకీ నల్లవాళ్ళ సమాధులకీ మధ్య ఇనుప కంచె ఉండేది. ఈ హత్య తర్వాత, 1999లో, దాన్ని తీసేశారు. ఊరికో శ్మశానం, దళితవాడకో శ్మశానం చూస్తూ పెరిగిన తెలుగువాళ్ళకి ఆ కంచె కొత్తగా అనిపించదు. హ్యూస్టన్‌లోనో డాలస్‌లోనో ఉంటున్నవాళ్ళకైతే జాస్పర్ కొన్ని గంటల కారు ప్రయాణం, అంతే.

హెచ్చరిక: కోర్టులో వినిపించే వివరాలు భరించడం కష్టం. నిద్రపోయే ముందు చూడొద్దు.

## మీరు ఎలాంటి ప్రేక్షకులో చూసుకోండి

అమెరికాలో ఉండి, హైస్కూలు పిల్లలున్న తెలుగు తల్లిదండ్రులైతే 'ప్రామ్ నైట్'తో మొదలుపెట్టండి. మన పిల్లలకి ప్రామ్ అంటే డ్రెస్సు, ఫొటోలు, లిమోజీన్. అదే వేడుక చుట్టూ ఇంత చరిత్ర ఉందని వాళ్ళ వయసు పిల్లల నోటే వింటే చెవికెక్కుతుంది. చూశాక ఒక విషయం చెప్పండి: పౌరహక్కుల చట్టం 1964లో వచ్చింది, ఆ ఊపులోనే 1965లో వలస చట్టం మారి దేశాలవారీ కోటాలు పోయాయి, మన ఇంజనీర్లకీ డాక్టర్లకీ దారి పడింది అప్పుడే. చార్ల్‌స్టన్ నల్లపిల్లల తాతలు చేసిన పోరాటానికి మన వీసాలకీ సంబంధం ఉంది. ఇది ఇంట్లో పిల్లలకి చెప్పని తెలుగువాళ్ళే ఎక్కువ.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కూర్చుని అమెరికా సమాజాన్ని అర్థం చేసుకోవాలనుకునేవాళ్ళకి, కులం గురించి చదివే, రాసేవాళ్ళకి 'ఆర్డర్ ఆఫ్ మిత్స్'. ఆచారం పేరుతో వెలివేత ఎంత అందంగా ముస్తాబవుతుందో అందులో ఉన్నంతగా మిగతావాటిలో లేదు. జర్నలిజం, సినిమా చదివేవాళ్ళు 'జాస్పర్' వదలొద్దు, మనసు గట్టి చేసుకునే చూడండి. లా చదివేవాళ్ళకీ, తుపాకీ, జ్యూరీ, శిక్ష వంటి విషయాల మీద ఆసక్తి ఉన్నవాళ్ళకీ 'సదరన్ రైట్స్' పనికొస్తుంది.

రెండు చూడగలిగితే 'ప్రామ్ నైట్' తర్వాత 'సదరన్ రైట్స్' వరసగా చూడకండి. రెంటిలోనూ ప్రామే ఉండేసరికి ఒకదాని గుర్తులు ఇంకోదానిలో కలిసిపోతాయి. 'ప్రామ్ నైట్' తర్వాత 'ఆర్డర్ ఆఫ్ మిత్స్' మంచి జోడీ. ఒకదాంట్లో పిల్లలు గీత దాటతారు, ఇంకోదాంట్లో పెద్దవాళ్ళు అదే గీతకి పూలదండలు వేస్తారు.

## దొరకడం, చూడడం

రెండు సినిమాలు పీబీఎస్‌లో ('ఆర్డర్ ఆఫ్ మిత్స్' 'ఇండిపెండెంట్ లెన్స్' కార్యక్రమంలో, 'జాస్పర్' 'పీఓవీ'లో), రెండు హెచ్‌బీఓలో వచ్చాయి. ఇవి ఉండే చోట్లు మారిపోతుంటాయి కాబట్టి, అమెరికాలో ఉన్నవాళ్ళు డబ్బు పెట్టి కొనేముందు పబ్లిక్ లైబ్రరీ కార్డుతో దొరుకుతాయేమో చూసుకోండి. పాత డీవీడీలు కూడా లైబ్రరీల్లో ఉంటాయి. తెలుగు సబ్‌టైటిల్స్ ఆశించకండి. దక్షిణాది యాస అమెరికాలో పదేళ్ళున్నవాళ్ళకే ఒక పట్టాన అందదు, ఇంగ్లీషు క్యాప్షన్లు పెట్టుకునే చూడండి. 'జాస్పర్'లో హోటల్ కబుర్లు క్యాప్షన్లు లేకుండా సగం పోతాయి.

'ఆర్డర్ ఆఫ్ మిత్స్' నచ్చితే అదే దర్శకురాలు 2022లో తీసిన 'డిసెండెంట్' వెంటనే చూడండి. అది నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. ముంచేసిన క్లోటిల్డా శిథిలాలని 2019లో గుర్తించారు. ఈ సినిమాలో కెమెరా ఆఫ్రికాటౌన్ వాళ్ళ పక్కన నిలబడి, ఓడ దొరికింది సరే, ఆ చుట్టుపక్కల భూములు ఇంకా ఎవరి పేరు మీదున్నాయి, ఇళ్ళ పక్కనే ఫ్యాక్టరీలు ఎలా వచ్చాయి అని అడుగుతుంది. మొదటి సినిమాలో తలుపు తీసిన మీహెర్ కుటుంబం ఇందులో మాట్లాడదు.